లేని గేదెలు, ఉన్న పిల్లలు

"నాకు గేదెలు లేవు," అంది చంతా అవ్వ.

"లేకపోతే పోనీ, చెప్పు పెద్దమ్మా. ఉత్తి మాటే కదా," అంది క్లువా.

"ఉత్తి మాటైతే నువ్వే చెప్పుకో. ఉన్న ఒక్క గేదెనీ రోడ్డు పడిన ఏడు అమ్ముకున్నాం. ఈ వయసులో నాకు నాలుగు గేదెలున్నాయని కోతలు కొయ్యమంటావా?"

క్లువా చేతిలోని కాగితాలు ఒళ్లో పెట్టుకుని కళ్లు నులుముకుంది. కొండల మీద పోడు తగలబెట్టే నెల అది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా పొగే. ఎదురింటి కప్పు కూడా సగమే కనబడుతోంది. ఆ పొగలో, ఆ వసారాలో, ఆ చాప మీద ఇలా కూర్చోవడం మొదలుపెట్టి మూడో వారం నడుస్తోంది. మోకాళ్లు పట్టేశాయి. గొంతు ఎండిపోయింది. అన్నిటికంటే ఎక్కువగా, అడిగిందే అడిగి అడిగి మనసు అరిగిపోయింది. ఒకే ప్రశ్న మూడు వారాలు అడిగితే దేవుడైనా గుడి తలుపు వేసుకుంటాడు.

"అవ్వ ఏమంటోందక్కా?" అని అడిగింది పిచయా.

"గేదెలు లేవంటోంది."

"మళ్లీనా?"

"మళ్లీనే."

పిచయా బ్యాంకాక్ పిల్ల. ఇరవై ఏడేళ్లుంటాయి. చదువు ఎంత ఉందో ఓపిక అంతకు రెట్టింపు ఉంది. విసుక్కోవడం ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. అవ్వ ముందు మోకాళ్లు మడిచి కూర్చుని, చిన్న రికార్డరు చాప మీద పెట్టి, నలభై నాలుగు పేజీల ప్రశ్నల కట్ట ముందేసుకుని ఉంటుంది. కొండభాష తనకు రాదు. అందుకని క్లువాను మధ్యలో కూర్చోబెట్టుకుంది. క్లువాకు కింద మైదానాల్లో మాట్లాడే థాయ్ వచ్చు, కొండభాష పుట్టుకతో వచ్చు. ఊళ్లో జ్వరాల లెక్క రాసుకునే ఆరోగ్య కార్యకర్త కాబట్టి కాగితం చదవడమూ వచ్చు. ఇన్ని వచ్చినవాళ్లకే గదా ఇలాంటి పనులు తగులుకుంటాయి.

పిచయాకు కావలసింది పెద్ద విషయమేమీ కాదు, చెబితే నవ్వొస్తుంది. ఈ కొండల్లో "నాలుగు గేదెలు" అంటే మాట పూర్తి కాదు. గేదె, నాలుగు, ఒళ్లు అనాలి. గొడుగైతే గొడుగు, రెండు, పిడులు. గుడ్డుకు ఒక మాట, ఆకుకు ఒక మాట, కత్తికి ఒకటి, మనిషికి ఒకటి, సన్యాసికి మళ్లీ వేరే. లెక్కకు తోడుగా రావలసిన ఆ మాటకు పిచయా ఏదో బారెడు పేరు చెప్పింది. క్లువాకు నోరు తిరగక తోడుమాట అని పెట్టుకుంది. కింది థాయ్‌లో వస్తువు ముందు, అంకె తర్వాత, తోడుమాట ఆఖరున నిలబడతాయి. ఉత్తరాన చైనా వాళ్లకు అంకె ముందొచ్చి వస్తువు చివరికి పోతుంది. మధ్యలో "ఈ" గానీ "ఆ" గానీ "నా" గానీ దూరితే ఎవరు ముందుకు జరుగుతారో, ఎవరు వెనక్కి తగ్గుతారో పది భాషల్లో రాసుకోవడం పిచయా చదువు. పెళ్లి బంతిలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూసుకునే పెద్దమనిషి పని లాంటిదే.

పనంతా బాగానే ఉంది. చిక్కల్లా చంతా అవ్వతోనే. డెబ్బై తొమ్మిదేళ్ల ఆ మనిషికి ఊళ్లో అందరికంటే పాత మాట వచ్చు, అందుకే ఆమెను ఎంచుకున్నారు. అయితే ఆమె లేనిది ఉందనదు. కళ్లముందు మూడు గుడ్లుంటే మూడు గుడ్లంటుంది. నాలుగనమంటే, నాలుగోది ఎక్కడుందని బుట్టలో వెతుకుతుంది. "మా ఇంట్లో రెండు ఏనుగులున్నాయి" అనే వాక్యం రోజంతా అడిగినా రాలేదు. చివరికి, "ఏనుగులు ఉండుంటే ఈ పొగలో ఎందుకు కూర్చుంటాం, ఎక్కి ఎటైనా పోమూ" అంది. పిచయా పాపం అది కూడా రాసుకుంది.

అందుకని ఉన్నవే తెచ్చి చూపించడం మొదలైంది. గొడుగులు బడి నుంచి వచ్చాయి. కత్తులు ఇంటింటికీ తిరిగి క్లువాయే తెచ్చింది. ఎండు చేపలు, అరటి ఆకులు, పాత టైర్లు అన్నీ వసారాలో పేర్చారు. ఇప్పుడు గేదెల వంతు వచ్చింది. క్లువా లేచి మోకాళ్లు సాగదీసుకుని పక్కింటి సమాన్ దగ్గరికి వెళ్లింది.

సమాన్ నాలుగు గేదెల్నీ తోలుకొచ్చి వసారా ముందు వరసగా నిలబెట్టాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని మరీ వచ్చాడు.

"పెళ్లిచూపులా క్లువక్కా? ముందే చెబితే వీటికీ స్నానం చేయించేవాణ్ణి."

"నోరు మూసుకుని కదలకుండా నిలబెట్టు. అవ్వ చెప్పేస్తే పోదువుగాని."

చంతా అవ్వ దవడలో ఊరవేసిన తేయాకు ఉండ అటు నుంచి ఇటు మార్చుకుంది. గేదెల్ని ఒక్కొక్కటే పరకాయించి చూసింది. "ఆ కుంటిది నీదేనట్రా?"

"మా బావమరిదిది. వాడు పట్నం పనికి పోతూ నా దగ్గర వదిలిపోయాడు."

"అయితే నీవి మూడే."

"అదేంటవ్వా. మూడేళ్ల నుంచి నా కొట్టంలో ఉంది. నా గడ్డే తింటోంది. దానికి జబ్బు చేస్తే రాత్రంతా నేనే కూర్చున్నా. నాది కాదా?"

"గడ్డేసినంత మాత్రాన నీదైపోద్దా," అంది అవ్వ. తర్వాత పిచయా వైపు తిరిగి, రికార్డరుకు వినబడేలా, తన భాషలో స్పష్టంగా చెప్పింది. సమాన్ గేదెలు మూడు ఒళ్లు, వాళ్ల బావమరిది గేదె ఒక ఒళ్లు.

పిచయా మొహం వెలిగింది. ఎవరి గేదెలో చెప్పే మాట ఎక్కడ నిలబడిందో రెండుసార్లు విని రాసుకుంది. సమాన్ నవ్వుకుంటూ గేదెల్ని మళ్లించుకుపోయాడు. క్లువా నవ్వలేదు. గడ్డేసినంత మాత్రాన నీదైపోద్దా అన్న మాట సమాన్‌కు తగల్లేదు, ఆమెకు తగిలింది.

ఎందుకంటే క్లువా చంతా అవ్వ కన్నకూతురు. బతికినవాళ్లలో నాలుగో బిడ్డ. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, ఊళ్లో ఎవరూ అనరు.

ఆమె పుట్టకముందు వరసగా ఇద్దరు పురిట్లోనే పోయారు. మూడు రోజులు దయ్యం బిడ్డ, నాలుగో రోజు నుంచి మనిషి బిడ్డ అంటారు అక్కడ. పుట్టించిన దయ్యం ఆ మూడు రోజులూ చుట్టుపక్కలే తిరుగుతుంది, బిడ్డ ముద్దొస్తే తీసుకుపోతుంది. క్లువా పుట్టిన మూడో రోజున మంత్రసాని బిడ్డను చేటలో పడుకోబెట్టి, గుమ్మంలో నిలబడి చేటను గుండ్రంగా తిప్పుతూ, ఎవరి బిడ్డ ఇది, ఎవరిదైతే వాళ్లు పట్టుకుపోండి అని కేక పెట్టింది. ఉప్పుబావి దగ్గర ఉప్పునీళ్లు కాచే బట్టీ పెట్టుకుని బతికే ఖమ్లా అనే ఒంటరి మనిషి, నాది, నేను కొంటాను అంది. పిడికెడు ఉప్పు చంతా దోసిట్లో పోసి బిడ్డను తీసుకుంది. అందుకే పేరు క్లువా. అంటే ఉప్పు.

కొన్నాక బిడ్డ మళ్లీ కన్నతల్లి దగ్గరే పెరుగుతుంది. దయ్యాన్ని మోసం చేయడానికే ఈ బేరం. పిల్ల ఎదిగి పెళ్లీడుకొచ్చాక కన్నతల్లి ఆ పిడికెడు ఉప్పూ తిరిగిచ్చి బిడ్డను వెనక్కి తీసుకోవాలి. ఊళ్లో అలా అమ్ముడుపోయి తిరిగొచ్చినవాళ్లు ఇంటికొకరున్నారు. కానీ క్లువాకు ఆరేళ్లప్పుడు, వానాకాలంలో కొండచరియ విరిగి బట్టీ మీద పడింది. ఖమ్లా దాని కిందే పోయింది. ఉప్పు ఎవరికివ్వాలి? కొన్న మనిషి లేకుండా అమ్మకం తిరగబడదన్నాడు ఊరి పూజారి. ఇక నీ నోట్లో మాటున్నంతకాలం ఆ పిల్లను నాదనకు, అన్నావా, వినడానికి కాచుకుని ఉన్నది వింటుంది అని చంతాకు గట్టిగా చెప్పి పోయాడు.

ఆ రోజు నుంచి చంతా అనలేదు. తిట్టినా, పిలిచినా, ముద్ద కలిపి పెట్టినా "ఖమ్లా పిల్లా" అనే. క్లువా కూడా నోరు తిరిగినప్పటి నుంచీ తల్లిని పెద్దమ్మా అనే పిలిచింది. ప్రభుత్వం వాళ్లు ఇచ్చిన ఇంటి పుస్తకంలో తల్లి పేరు దగ్గర ఖమ్లా అని రాయించారు. పిల్లలెంతమంది అని ఎవరడిగినా చంతా తడుముకోకుండా ముగ్గురనేది. పెద్దవాడు సవాయ్, వాడి తర్వాత దువాంగ్, ఆడపిల్ల బువాలై.

యాభై రెండేళ్లొచ్చాయి క్లువాకు. పెళ్లయింది, భర్త పోయాడు, తిరిగి ఈ ఇంటికే వచ్చింది. చంతాకు ఊపిరి ఆడక లేచి కూర్చునే రాత్రుళ్లు వీపు రుద్దేది ఆమే. మందు బిళ్లలు విరిచి ఇచ్చేది ఆమే. ఆచారం సంగతి తెలియక కాదు, చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పి ఊరుకోబెట్టారు. పెద్దయ్యాక తనకు తనే చెప్పుకుంది. పెద్దమ్మ మనసులో నలుగురమే, నోటితోనే ముగ్గురం అని. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్లూ బతికింది.

ఈ మూడు వారాల్లో ఆ నమ్మకం పోయింది. లేని గేదెను ఉందనని మనిషి, ఒక గుడ్డు ఎక్కువ చెప్పని మనిషి, ఉన్న కూతుర్ని లేదంటుందా? అబద్ధం ఆడడం ఆమెకు చేతనే కాదు. కళ్లారా చూస్తూనే ఉంది కదా. అంటే ముగ్గురన్నది నిజంగానే ఆమె లెక్క అయి ఉండాలి. పిడికెడు ఉప్పుకు ఇచ్చేసింది, ఇచ్చేశాననే అనుకుంటోంది. తను సమాన్ కొట్టంలో కుంటి గేదె లాంటిది.

పది రోజుల కిందట సవాయ్ కింద పువా పట్నం నుంచి వచ్చి వెళ్లాడు. అక్కడ నూడుల్స్ కొట్టు నడుపుతాడు. మంచివాడే. తల్లి దగ్గు విని మెట్ల మీదకు వచ్చి కూర్చుని, జరగాల్సిన రోజు గురించి మెల్లగా మాట్లాడాడు. ఇక్కడ మనిషి పోతే పెట్టెకు తెల్లదారం కట్టి, బిడ్డలు దాన్ని పట్టుకుని ముందు నడుస్తారు.

"దారం ముందు నేను, తర్వాత దువాంగ్, తర్వాత బువాలై," అన్నాడు. "నువ్వు వంట దగ్గర ఉంటావు కదే. నువ్వు లేకపోతే ఆ రోజు ఊరంతా పస్తే."

అందులో ఎగతాళి లేదు. అదే క్లువాను ఎక్కువ బాధపెట్టింది. ఎవరో కావాలని తొయ్యలేదు, వరసలో ఆమెకు చోటే లేదు, అంతే. ఆ రోజు వెనకాల వంట పొగలో నిలబడి, దారం దూరంగా వెళ్లిపోవడం చూడాలి. దానికి ముందు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, పెద్దమ్మ నోట నలుగురని వినాలనిపించింది. ఇంకేమీ అక్కర్లేదు. దయ్యం తీసుకుపోతే తీసుకుపోనీ, యాభై రెండేళ్ల మోకాళ్ల నొప్పుల మనిషిని ఏం చేసుకుంటుంది.

మర్నాటి పేజీ ముందే తిప్పి చూసుకుంది. ముప్పై ఎనిమిదో పేజీ మనుషులది. రెండు వందల పన్నెండో వాక్యం, "నా నలుగురు బిడ్డలు" అని ఉంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. సరే, కాగితమే అడుగుతోంది కదా అనుకుంది క్లువా.

మర్నాడు అవ్వ బాగానే లేచింది. జిగురన్నం నాలుగు ఉండలు మిరప పచ్చడిలో అద్దుకుని తింది. పిచయా నీళ్ల సీసా, రికార్డరు సర్దుకుంది.

"ఈ రోజు మనుషులంట పెద్దమ్మా," అంది క్లువా. "గేదెల కంటే తేలిక."

"మనుషులు తేలికని ఎవరన్నారే," అంది అవ్వ.

ఒక బిడ్డ అన్న వాక్యానికి, ఏ బిడ్డ అని అడిగింది. బువాలైకి ఒక్కడే కొడుకు కాబట్టి, బువాలై బిడ్డ ఒక్కడు అని చెప్పింది. ఇద్దరికి దువాంగ్ కూతుళ్లు పనికొచ్చారు. ముగ్గురు దగ్గరికొచ్చేసరికి ఎవరినీ అరువు తెచ్చుకోవలసిన పని పడలేదు. నా బిడ్డలు ముగ్గురు అని, మనుషుల తోడుమాట చేర్చి, రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పింది. పిచయా "ఆ ముగ్గురు బిడ్డలు" అనిపించింది, "నా ఆ ముగ్గురు" అనిపించింది. "ఆ" అనేది వాక్యం చివరికి పోయి కూర్చోవడం చూసి మురిసిపోయి కాగితం మీద బాణం గుర్తులు గీసుకుంది.

"ఇప్పుడు నలుగురు," అంది పిచయా.

ఉన్న వాక్యాన్ని ఉన్నట్టు అడగాలి క్లువా. ఇలా అనమంటున్నారు, అను పెద్దమ్మా అనాలి. అలా అనలేదు. పిచయాకు కొండభాష రాదు కదా.

"నువ్వు కన్నవాళ్లు, బతికున్నవాళ్లు ఎంతమందో చెప్పమంటోంది," అంది.

అవ్వ ఆమె మొహంలోకి చూసింది. "కాగితంలో అలాగే ఉందా?"

"అలాగే ఉంది."

"ముగ్గురు. ఇందాకే చెప్పాను కదా."

"ముగ్గురేనా?"

"ఏమే, నీకు చెవుడొచ్చిందా?"

"నిన్న గేదెల దగ్గర పట్టి పట్టి చూశావు. మొన్న గుడ్ల దగ్గర బుట్టంతా వెతికావు. లేనిది ఉందనవు, ఉన్నది లేదనవు. ఊరంతా చెప్పుకుంటారు నీ నోట అబద్ధం రాదని. ఇప్పుడు కూడా చూసే చెప్పు పెద్దమ్మా. నీ ఎదురుగానే కూర్చున్నా. చూసి చెప్పు."

క్లువా చేతిలోని కాగితాలు చాప మీద పెట్టేసింది. పిచయా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అక్కా, ఈ వాక్యం వద్దంటే వదిలేద్దాం," అంది మెల్లగా. క్లువా వినిపించుకోలేదు.

చంతా అవ్వ దవడలోని ఆకు ఉండ తీసి ఆకులో పెట్టింది. చాప మీద చేతులు ఆనించి, కొంచెం కొంచెంగా జరిగి క్లువా పక్కకు వచ్చింది. ఆ నాలుగడుగుల దూరానికే ఆయాసం వచ్చింది. ఊపిరి తీసుకునేదాకా క్లువా భుజం పట్టుకుని ఆగింది. తర్వాత ఒక చేత్తో తన నోటినీ క్లువా చెవినీ కలిపి మూసి, ఊపిరితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"నా బతుకులో ఒక్కటే అబద్ధం ఆడాను. నలభై ఆరేళ్ల నుంచి రోజూ అదే ఆడుతున్నాను. ఏదని అడక్కు. ఇంకోటి ఆడితే దీనికి విలువ పోద్దని, గేదెల దగ్గర కూడా ఆడలేదు. ఇన్నాళ్లు మోసి, ఇంకో నాలుగు రోజుల్లో దించుకునేదాన్ని, ఇప్పుడు ఒలకబొయ్యమంటావా?"

క్లువా చేయి అలవాటుగా పెద్దమ్మ వీపు మీదకు పోయింది.

"నా నోరు పడిపోయాక ఎవరు ఎంతమందని లెక్కేసుకున్నా నాకు పనిలేదు. దారం ఎవరెక్కడ పట్టుకోవాలో మొన్న వెళ్లబోతుంటే సవాయ్ చెవిలో చెప్పాను. వాడు తలకాయ ఊపాడు. ఆ పూట దాకా ముగ్గురే. విన్నావా?"

విన్నానన్నట్టు క్లువా తల ఊపింది. అవ్వ చేయి తీసేసి, మళ్లీ కొంచెం కొంచెంగా జరుగుతూ తన చోటికి పోయింది. ఆకు ఉండ దవడలో పెట్టుకుంది.

క్లువాకు ఏడుపు రాలేదు. అలసట వచ్చింది. మూడు వారాలది కాదు, అంతకంటే చాలా పాతది. దానికి ఇన్నాళ్లూ కోపమని పేరు పెట్టుకుని తిరిగింది. పెద్దమ్మ చేతులు చూసింది. ఉప్పునీళ్లు మరగబెట్టి మరగబెట్టి గోళ్లు అరిగిపోయిన చేతులు. సంతలో, ఆసుపత్రిలో, జనాభా లెక్కల వాళ్ల ముందు, పెళ్లిళ్లలో, ఎవరడిగినా ముగ్గురని చెప్పడానికి ఆ మనిషికి ఎంత ఓపిక కావాల్సి వచ్చిందో, గేదెల దగ్గర కూడా ఆడలేదన్న మాట విన్నాక గాని క్లువాకు తెలియలేదు. ఇంతకాలం నలుగురన్న మాట కోసం కాచుకుని కూర్చుంది. ఇప్పుడా మాట ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండుననిపించింది. అది వచ్చే పూట ఏ పూటో ఆమెకు తెలుసు.

"అవ్వ ఏమందక్కా?" అంది పిచయా.

"నలుగురు కావాలంటే సమాన్ పిల్లలున్నారు కదా అంది."

సమాన్ పిల్లలు నలుగురూ వీధిలో టైరు దొర్లించుకుంటున్నారు. క్లువా పిలిచింది. నలుగురూ మట్టికాళ్లతో వసారా ముందు నిలబడ్డారు. అవ్వ ఒక్కొక్కరి మొహమూ చూసి, "నలుగురూ వాడివేనట్రా, ఇందులో బావమరిదివి ఏమీ లేవుగా," అంది. పిల్లలు నవ్వారు. సమాన్ బిడ్డలు నలుగురు అని అవ్వ రెండుసార్లు చెప్పింది. పిచయా రాసుకుంది. రెండు వందల పన్నెండో వాక్యం అయిపోయింది.

పొద్దు తిరిగాక పిచయా ఇంకో కాగితం తీసింది. ఇది ప్రశ్నల కట్టలోది కాదు, మాట చెప్పిన మనిషి వివరాలు రాసుకునేది.

"ముందే రాయాల్సింది అక్కా, మర్చిపోయాను. అవ్వ పేరు, వయసు తెలుసు. పుట్టిన ఊరు ఇదే కదా. పిల్లలెంతమంది?"

ఆ ప్రశ్న థాయ్‌లో అడిగింది, క్లువాను అడిగింది. చంతా అవ్వకు థాయ్ పెద్దగా రాదు. అయినా పిల్లలు అన్న మాట తెలుసు, అంకెలు తెలుసు. స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నదల్లా కళ్లు తెరిచింది.

పిచయా కాగితం మీద పెన్ను పెట్టి ఎదురుచూస్తోంది. అవ్వ బిడ్డవు నువ్వేనేమోనని మొదటి వారంలోనే ఆ అమ్మాయికి అనుమానం వచ్చింది, ముక్కు ఒకేలా ఉందని అంది కూడా. కాదు, పెద్దమ్మ అని అప్పుడు తల వంచుకుని చెప్పింది క్లువా. ఈసారి తల వంచుకోలేదు.

"ముగ్గురు," అంది.

"గట్టిగా చెప్పవే ఖమ్లా పిల్లా," అంది అవ్వ తన భాషలో. "యంత్రానికి వినబడాలి కదా."

రికార్డరు ఎప్పుడో ఆపేసి సంచీలో పెట్టేశారు. ఆ సంగతి అవ్వకూ కనబడుతూనే ఉంది. క్లువా లేచి వసారా అంచుకు వెళ్లింది. ఎదురుగా పొగ, పొగ వెనక కొండ, కొండ మీద అడవి. చిన్నప్పుడు దేనికి భయపడమని చెప్పారో అది ఉంటే అక్కడే ఉండాలి. ముందు థాయ్‌లో, తర్వాత కొండభాషలో, తోడుమాట కూడా చేర్చి, ఆ అడవికి వినబడేంత గట్టిగా చెప్పింది.

"చంతా అవ్వకు బిడ్డలు ముగ్గురు. ముగ్గురే."

తర్వాత లోపలికి వెళ్లి, పెద్దమ్మకు మందు వేళయిందని బిళ్ల సగానికి విరిచింది.